దరఖాస్తు పెట్టడం కూడా హక్కే

(టేకులపల్లిలో డిగ్రీ, ఇంజనీరింగు చదువుతున్న అమ్మాయిలూ, మహిళా సంఘాల కార్యకర్తలూ కలిసి కూర్చున్న సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పోడు భూముల గురించీ, కూలి రేట్ల గురించీ, సారా గురించీ మాట్లాడుకోవడం మనకు అలవాటే. ఇవాళ కంప్యూటర్ పని గురించి మాట్లాడుకుందాం అంటే, ఇది మనకు సంబంధించిన విషయమేనా అని కొందరు అక్కలకు అనిపించవచ్చు. సంబంధించినదే. ఎందుకంటే ఇది కూడా శ్రమ గురించే, కూలి గురించే. ఒక పని దగ్గరికి ఆడపిల్లను వెళ్లనిచ్చేది ఎవరు, ఆపేది ఎవరు అన్న ప్రశ్న గురించే.

మన ఏజెన్సీలో చదువుకున్న కోయ, లంబాడా అమ్మాయికి నిన్నమొన్నటి దాకా కనిపించిన దారి ఒకటి ఉండేది. డిగ్రీ చదవాలి, బీఈడీ చేయాలి, టీచరు కావాలి. షెడ్యూల్డు ప్రాంతాల్లో టీచరు ఉద్యోగాలన్నీ స్థానిక గిరిజనులకే అని 2000లో జీవో 3 వచ్చింది. 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఆ హక్కు కోసం పోరాటం చేయాల్సిందే. దాన్ని వదిలేసి కంప్యూటర్లు నేర్చుకోండి అని చెప్పడానికి నేను రాలేదు. అయితే ఒక దారి ఇరుకైనప్పుడు మిగతా దారులు ఎక్కడున్నాయో తెలుసుకోవడం కూడా మన పనే. కాలేజీల్లో ఎవరూ సరిగా చెప్పని ఒక దారి గురించి ఇవాళ చెబుతాను.

ఓపెన్ సోర్స్ అనే మాట మీలో కొందరు వినే ఉంటారు. ఒక సాఫ్ట్‌వేర్ ఎలా తయారైందో ఆ రాత మొత్తాన్ని అందరి ముందూ పెట్టడం, ఎవరైనా చదవొచ్చు, మార్చొచ్చు, ఇతరులకు పంచొచ్చు అనడం - క్లుప్తంగా అదీ విషయం. జహీరాబాద్ ప్రాంతంలో దళిత మహిళల సంఘాలు విత్తన నిధులు నడుపుతున్న సంగతి మీకు తెలుసు. అక్కడ విత్తనం ఒకరి సొత్తు కాదు. తీసుకున్నవాళ్లు పంట వచ్చాక తిరిగి ఇస్తారు. ఓపెన్ సోర్స్ వెనక ఉన్న ఆలోచన కూడా దాదాపు అదే. మనం ఫోన్లో చదివే వికీపీడియా ఇలాంటి సాఫ్ట్‌వేర్ మీదే నడుస్తుంది. అందులో తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది.

అందరిదీ అన్న ఈ లోకంలో ఆడవాళ్లు ఎందరు? యూరోపియన్ యూనియన్ నిధులతో జరిగిన ఒక అధ్యయనం 2006లో ఈ లెక్క తీసింది. నూటికి ఇద్దరు కూడా లేరు. కంపెనీల్లో జీతానికి సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లలో మాత్రం ఆడవాళ్లు నూటికి ఇరవై ఎనిమిది మంది దాకా ఉన్నారు. అంటే ఆడవాళ్లకు ఈ పని చేతకాక కాదు, ఆ లోకం వాళ్లను రానివ్వలేదు.

దీనికి ఒక నిదర్శనం చెబుతాను. గూగుల్ కంపెనీ 2005లో 'సమ్మర్ ఆఫ్ కోడ్' అనే కార్యక్రమం మొదలుపెట్టింది. విద్యార్థి ఒక ఓపెన్ సోర్స్ సంస్థలో కొన్ని నెలలు పని చేయాలి. మెంటర్, అంటే పని నేర్పుతూ తోడుండే అనుభవజ్ఞులు, వెంట ఉంటారు. భత్యం గూగుల్ ఇస్తుంది. 2006లో గ్నోమ్ అనే సంస్థకు ఈ కార్యక్రమం కింద 181 దరఖాస్తులు వచ్చాయి. వాటిలో ఒక్క ఆడపిల్లదీ లేదు. అప్పుడు ఆ సంస్థలోని కొందరు, ముఖ్యంగా హానా వాలక్, క్రిస్ బాల్, ఆడవాళ్లనే ఉద్దేశించి విడిగా పిలుపునిచ్చారు. అదే ఏడాది వందకు పైగా దరఖాస్తులు వచ్చాయి. ఆరుగురిని తీసుకున్నారు. కొన్ని నెలల తేడాలో సున్నా వంద ఎలా అయింది? ఆ నెలల్లో ఆడవాళ్ల తెలివితేటలేమీ మారలేదు. 'మీరు రండి' అన్న మాట ఒక్కటే కొత్తగా వచ్చింది. ఆ ప్రయత్నాన్నే 2010లో మరీనా జురాఖిన్‌స్కయా వంటివారు మళ్లీ నిలబెట్టారు. 2015 నుంచి దాని పేరు ఔట్‌రీచీ. ఇప్పుడది ఆడవాళ్లకు మాత్రమే పరిమితం కాదు. తమ దేశపు సాంకేతిక రంగంలో వివక్షకు గురయ్యే వాళ్లందరి కోసం నడిచే కార్యక్రమం.

ఈ రెండు కార్యక్రమాలకూ తేడాలున్నాయి, గుర్తు పెట్టుకోండి. సమ్మర్ ఆఫ్ కోడ్‌కు 2022 నుంచి విద్యార్థులే కానక్కరలేదు. పద్దెనిమిదేళ్లు నిండి, ఈ రంగానికి కొత్తవాళ్లయితే చాలు. కానీ ప్రోగ్రాం రాయడం తప్పనిసరి. ఔట్‌రీచీలో సాఫ్ట్‌వేర్ వాడే తీరు వివరిస్తూ రాయడం, తెర రూపకల్పన వంటి పనులకూ చోటుంది. ఏ దానికీ దరఖాస్తు రుసుము లేదు. 'సీటు ఇప్పిస్తాం, ఇంత కట్టండి' అని ఎవరైనా అడిగితే అది మోసమే.

కూలి దగ్గర కూడా తేడా ఉంది. మన సంఘాలు సమాన పనికి సమాన వేతనం అని ఎన్నేళ్లుగా అడుగుతున్నాయి! సమ్మర్ ఆఫ్ కోడ్‌లో భత్యం దేశాన్ని బట్టి మారుతుంది. 2024 లెక్కల్లో 350 గంటల పనికి కొన్ని దేశాల వాళ్లకు 6,600 డాలర్లు. మన దేశంలో ఉండి చేస్తే 3,000 డాలర్లు, అంటే రెండున్నర లక్షల రూపాయల దాకా. ఇక్కడ ఖర్చులు తక్కువ కదా అంటారు. పని అదే, గంటలవే, ఆ ఫలితాన్ని వాడుకునే ప్రపంచమూ అదే. ఔట్‌రీచీ ఏ దేశం వాళ్లకైనా ఒకే మొత్తం ఇచ్చింది. 2024లో అది మూడు నెలలకు 7,000 డాలర్లు. సమానంగా ఇవ్వడం సాధ్యమేనని దీన్నిబట్టే తెలుస్తోంది. ఇంకో మాట. ఇవి ఉద్యోగాలు కావు. పీఎఫ్ ఉండదు, పని అయ్యాక కొనసాగిస్తామన్న హామీ ఉండదు. ఇది తెలిసే వెళ్లాలి. అయినా మూడు నెలలు ఇంట్లోంచి చేసిన పని ప్రపంచం ముందు మీ పేరుతో నిలుస్తుంది. ఏ కాలేజీలో చదివావన్న ప్రశ్న కన్నా ఏం చేశావన్న ప్రశ్న అక్కడ ముందు వస్తుంది. కొత్తగూడెంలోనో ఖమ్మంలోనో చదివే మన పిల్లలకు ఈ తేడా చాలా పెద్దది.

ఇక దరఖాస్తు సంగతి. సమ్మర్ ఆఫ్ కోడ్‌కు సంస్థల జాబితా సాధారణంగా ఫిబ్రవరి నెలాఖరులో వస్తుంది. 2024లో 195 సంస్థలున్నాయి. దరఖాస్తులు మార్చి, ఏప్రిల్ నెలల్లో తీసుకుంటారు. కానీ మార్చిలో మొదలుపెడితే ఆలస్యమే. దసరా సెలవుల నుంచే మొదలుపెట్టాలి. మొదట ఒక్క ప్రాజెక్టు ఎంచుకోండి. దాన్ని మీ కంప్యూటర్లో నడిపి చూడండి. కొత్తవాళ్లు చేయదగ్గవని గుర్తు పెట్టిన చిన్న చిన్న లోపాలు చాలా ప్రాజెక్టుల్లో ఉంటాయి. ఒకటి సరిచేసి పంపండి. అది వెనక్కి వస్తుంది, ఇది మార్చండి అది మార్చండి అంటారు. అవమానం అనుకోకండి. అక్కడ అందరి పనీ అలాగే వెనక్కి వస్తుంది.

సాయం అడిగేటప్పుడు 'సర్, నాకు ఏదైనా పని ఇవ్వండి సర్' అని రాయకండి. అవతల ఉన్నది ఆడమనిషి కావచ్చు. వాళ్లు ఒకరినొకరు పేరుతోనే పిలుచుకుంటారు. 'ఈ లోపం నా దగ్గర ఇలా కనబడింది, ఇది చేసి చూశాను, ఇక్కడ ఆగిపోయాను' అని రాయండి. ఇంగ్లీషు తప్పులుంటే ఉండనివ్వండి, విషయం స్పష్టంగా ఉండాలి. ప్రతిపాదనలో ఏం చేస్తారో, ఎందుకు అవసరమో, ఏ వారం ఎంత పని పూర్తి చేస్తారో రాయాలి. పరీక్షల వారాలు దాచకుండా చెప్పాలి. యంత్రం చేత రాయించి పంపితే, మెంటర్ తిరిగి ఒక్క ప్రశ్న అడిగిన రోజున జవాబు చెప్పాల్సింది మీరే. ఔట్‌రీచీలో ముందు మీ పరిస్థితుల గురించి వ్యాసాలు రాయాలి. అందులో నెగ్గితే సుమారు నెల రోజులు ప్రాజెక్టులో పని చేసి చూపించి, తర్వాత తుది దరఖాస్తు పెట్టాలి. మన దేశంలో కాలేజీ చదువుతున్న వాళ్లను మే నెలలో మొదలయ్యే విడతకే తీసుకుంటూ వచ్చారు. నిబంధనలు మారుతుంటాయి కనుక ఆ ఏటివి చూసుకోండి.

మీకున్న ఒక బలాన్ని మీరు లెక్కలోకి తీసుకోవడం లేదు. ఆదిలాబాద్ గుంజాల గ్రామంలో దొరికిన గోండి లిపికి 2018లో యూనికోడ్‌లో, అంటే కంప్యూటర్లన్నీ గుర్తుపట్టే అక్షరాల పట్టికలో, చోటు దొరికింది. కోయ భాష, లంబాడీ భాష కంప్యూటర్లో ఇంకా అడుగు పెడుతున్నాయి. అపెర్టియం అనే సంస్థ ముఖ్యంగా చిన్న భాషల అనువాద సాఫ్ట్‌వేర్ మీద పని చేస్తూ ఎన్నో ఏళ్లు సమ్మర్ ఆఫ్ కోడ్‌లో పాల్గొంది. ఇంట్లో కోయ మాట్లాడి, బడిలో తెలుగు చదివి, కాలేజీలో ప్రోగ్రాం నేర్చిన అమ్మాయికి తెలిసినది పెద్ద నగరాల ఇంజనీర్లకు తెలియదు.

ఇప్పుడు కార్యకర్తలతో ఒక మాట. ఈ దారిలో అర్హత ఉండటం వేరు, దరఖాస్తు పెట్టగలగడం వేరు. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో ఒక్కసారైనా ఇంటర్నెట్ వాడిన మగవాళ్లు నూటికి 57 మంది, ఆడవాళ్లు 27 మంది. ఇంట్లో ఒక ఫోను ఉంటే అది అన్నది. ల్యాప్‌టాప్ ముందు రెండు గంటలు కూర్చుంటే 'పొయ్యి దగ్గరికి రా' అంటారు. పద్దెనిమిదేళ్లు నిండాలి అని ఆ కార్యక్రమం అంటుంది. పద్దెనిమిది నిండాయి, సంబంధం చూద్దాం అని ఇల్లు అంటుంది. ఎవరూ 'వద్దు' అనరు. రోజూ కొంచెం కొంచెంగా టైం లాగేసుకుంటారు, అంతే.

అందుకే సంఘాలు చేయాల్సిన పనులు కొన్ని ఉన్నాయి. సంఘం ఆఫీసులో ఒక గది, రెండు పాత కంప్యూటర్లు, నెట్ కనెక్షన్ ఏర్పాటు చేద్దాం. సాయంత్రం వచ్చే అమ్మాయిని ఇంటికి చేర్చే బాధ్యత తీసుకుందాం. అమ్మాయి పేరు మీదే బ్యాంకు ఖాతా తెరిపిద్దాం. టెన్త్ సర్టిఫికెట్లో, ఆధార్‌లో, పాన్ కార్డులో, బ్యాంకులో పేరు ఒకే తీరుగా ఉందో లేదో ఇప్పుడే చూద్దాం. ఇంటిపేరు ఒకచోట పొడుగ్గా, ఇంకోచోట పొడి అక్షరంగా ఉంటే, బయటి దేశపు డబ్బు వచ్చే రోజున చిక్కులొస్తాయి. తల్లిదండ్రులతో కూర్చుని ఇది ఏ పనో, ఎన్ని గంటలో, ఎంత వస్తుందో వివరంగా చెబుదాం. అక్కడ ఎవరైనా అసభ్యంగా మాట్లాడితే నడవడి నియమాలున్నాయి, ఫిర్యాదు చేయవచ్చు. వచ్చిన మాటలను చెరిపేయకుండా దాచుకోమని పిల్లలకు చెబుదాం. ఆ డబ్బు వచ్చాక దాని మీద నిర్ణయం అమ్మాయిదే అని కూడా ముందే మాట్లాడుదాం.

చెల్లెళ్లారా, మొదటిసారి రాకపోవచ్చు. చాలామందికి రాదు. అయినా అప్పటికి మీరు సరిచేసిన లోపాలు మీ పేరుతోనే ఉంటాయి, వాటిని ఎవరూ తీసేయరు. వచ్చే ఏడాది అక్కడి నుంచే మొదలుపెట్టొచ్చు. 1992లో దూబగుంట ఆడవాళ్లు అక్షరాలు నేర్చుకుని, ఆ అక్షరాలతో సారా దుకాణాన్ని ప్రశ్నించారు. వాళ్లకు ఎవరూ అనుమతి ఇవ్వలేదు. ఈసారి టేకులపల్లి నుంచి ఎన్ని దరఖాస్తులు వెళ్లాయని వచ్చే వేసవిలో మళ్లీ కూర్చుని లెక్క చూసుకుందాం. ఎంపికైనవాళ్లను మాత్రమే కాదు, దరఖాస్తు పెట్టిన ప్రతి ఒక్కరినీ ఆ లెక్కలో కలుపుదాం.