ఇచ్చే చెయ్యి, ఆపే చెయ్యి



స్నాతకోత్సవానికి వచ్చినవాడు పెద్ద కలలు కనమని చెప్పి దిగిపోవడం రివాజు. ఆ ముక్క ఇంట్లోనూ బళ్లోనూ మీకు చెప్పీ చెప్పీ అరగదీసే ఉంటారు. నేను నా ఉద్యోగంలో చాలా భాగం ఏజెన్సీలో, అంటే గిరిజనుల కొండ ప్రాంతాల్లో, గడిపినవాణ్ని. నాకు కాస్తో కూస్తో తెలిసింది అదే. కొండ మీద పుట్టినవాడికీ మైదానంలో పుట్టినవాడికీ మధ్య తేడా ఎలా వచ్చింది, దాన్ని తగ్గించడానికి సర్కారు ఏం చేసింది, అందులో ఏది నిలిచింది, ఏది కొట్టుకుపోయింది అన్నది చెబుతాను. మీలో కొందరు ఆ కొండల నుంచే వచ్చారు. ఇంటి మొత్తంలో మొదటి పట్టభద్రులు కూడా చాలామందే ఉన్నారని ఇందాక ఉపకులపతి గారు చెప్పారు. నేను చెప్పేదాంట్లో తప్పుంటే పట్టుకోవాల్సింది మీరే.

2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో షెడ్యూల్డు తెగల వాళ్లు 59 లక్షల మంది. నూటికి ఏడుగురన్న మాట. రాష్ట్రం మొత్తం అక్షరాస్యత 67 శాతం ఉంటే వాళ్లలో 49 శాతం. ఇంత ఎడం ఎందుకని మా ఆఫీసుల్లో టీ తాగుతూ మాట్లాడుకునేటప్పుడు ఒక జవాబు సిద్ధంగా ఉండేది: "వాళ్లకు ఆశ తక్కువండీ, దాచుకోవడం తెలీదు." చెప్పేవాడికి ఈ జవాబు ఎంత హాయిగా ఉంటుందో చూడండి. ఎవరి తప్పూ లేదు, ఎవరూ ఏమీ వదులుకోనక్కర్లేదు. ఏజెన్సీ భూమి రికార్డులు ఒక్క నెల రోజులు తిరగేసినవాడు మాత్రం ఆ మాట మళ్లీ అనడు.

ఒక పాత ఉదంతం చూడండి. 1940లో జోడేఘాట్ దగ్గర గోండుల నాయకుడు కుమ్రం భీం పోలీసు తుపాకులకు బలయ్యాడు. గోండులు ఎందుకు తిరగబడ్డారో కనుక్కోమని నిజాం ప్రభుత్వం హైమన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా మానవశాస్త్రవేత్తను ఆదిలాబాదు పంపింది. ఆయన మార్లవాయిలో గోండుల మధ్యే కాపురం పెట్టాడు. తిరుగుబాటుకు మూలం అడవి సిబ్బంది జులుం, చేతులు మారిన పొలాలు అని తేల్చాడు. ఆయన సలహా మీద సర్కారు గోండులకు ఉచితంగా పట్టాలిచ్చింది, గోండు కుర్రాళ్లనే పంతుళ్లుగా తయారుచేయడానికి 1943లో మార్లవాయిలో శిక్షణ కేంద్రం పెట్టింది. ఇంతవరకు కథ బాగుంది. డెబ్బైల్లో ఆయన మళ్లీ ఆ ఊళ్లకు వచ్చాడు. తన కళ్లముందు పట్టాలందుకున్న గోండుల పొలాలు చాలావరకు బయటినుంచి వచ్చినవాళ్ల దున్నకంలో కనిపించాయి. 1982లో అచ్చయిన పుస్తకంలో ఆ సంగతులన్నీ ఊరి పేర్లతో సహా రాశాడు.

నేను ఇవాళ చెప్పదలచుకున్నదంతా ఈ ఒక్క ఉదంతంలోనే ఉంది. సర్కారుకు రెండు చేతులున్నాయి. ఒకటి ఇచ్చే చెయ్యి, రెండోది ఆపే చెయ్యి. భూమి, మేక, మోటారు, స్కాలర్‌షిప్పు ఇచ్చేది మొదటిది. ఇచ్చినదాన్ని గద్దలు తన్నుకుపోకుండా చూసేది రెండోది. ఇవ్వడానికి సభ పెడతారు, ఫోటో దిగుతారు, ఎవరికీ కోపం రాదు. ఆపాలంటే ఊళ్లో పలుకుబడి ఉన్న ఎవరో ఒకరితో గొడవ పెట్టుకోవాలి. అందుకే మొదటి చెయ్యి ఎప్పుడూ చురుగ్గా ఉంటుంది, రెండోదానికి పక్షవాతం.

ఆపే చట్టాలు లేక కాదు. మద్రాసు ప్రభుత్వం 1917లోనే ఏజెన్సీలో వడ్డీని, భూమి బదలాయింపును కట్టడి చేస్తూ చట్టం తెచ్చింది. 1959లో మన రాష్ట్రం సొంత నిబంధన చేసుకుంది, 1963లో దాన్ని తెలంగాణకూ వర్తింపజేసింది. వడ్డీ వ్యాపారుల మీద 1960లో ఒకటి, అప్పుల నుంచి విముక్తికి 1970లో మరొకటి వచ్చాయి. అన్నిటికన్నా పదునైనది వన్ ఆఫ్ సెవెంటీ అని అందరం పిలుచుకునే 1970 నాటి ఒకటో నిబంధన. శ్రీకాకుళం కొండలు అప్పటికి గిరిజన తిరుగుబాటుతో రగులుతున్నాయి, ఆ వేడి తగలకపోతే అది వచ్చేదే కాదని నా నమ్మకం. షెడ్యూల్డు ప్రాంతంలో భూమి గిరిజనేతరుడి చేతిలో ఉంటే, అది గిరిజనుడి నుంచి వచ్చినట్టే భావించాలి, కాదని రుజువు చేసుకోవాల్సిన భారం ఆ గిరిజనేతరుడిదే. గిరిజనేతరుడు అమ్ముకోవాలన్నా గిరిజనుడికే అమ్మాలి. 1988లో సుప్రీంకోర్టు కూడా ఈ నిబంధన చెల్లుతుందని చెప్పింది.

మరి కాగితం మీద ఇంత గట్టి చట్టం ఉండగా ఏం జరిగింది? ఒక ఫైలు ఎలా నడుస్తుందో చెబుతాను. గోదావరి వారన మంచి మిర్చి పండే నల్లరేగడి, అయిదారెకరాల చెక్క. దున్నేది మైదానం నుంచి వచ్చిన మోతుబరి. అడంగల్‌లో, అంటే ఊరి సాగు లెక్కల్లో, పేరు మాత్రం ఆయన దగ్గర పాలేరుగా ఉన్న కోయ మనిషిది. స్పెషల్ డిప్యూటీ కలెక్టర్ నోటీసు పంపిస్తే హాజరయ్యేది ఆ పాలేరే. "భూమి ఎవరిదయ్యా?" అంటే "నాదే బాబూ" అంటాడు. "ఎవరు సాగుచేస్తున్నారు?" అంటే తలుపు దగ్గర నిలబడ్డ మోతుబరి మనిషి వైపు చూస్తాడు. పెళ్లికి తెచ్చిన అప్పు, నిరుటి తిండిగింజల బాకీ, కూతురి జబ్బు ఖర్చు అన్నీ ఆ చూపులో ఉంటాయి. సాక్ష్యం లేదని కేసు మూసేస్తారు. ఒకవేళ గిరిజనుడికి అనుకూలంగా ఉత్తర్వు వచ్చినా ఏజెంటు హోదాలో ఉన్న కలెక్టరు దగ్గర అప్పీలు, ఆ తర్వాత హైకోర్టులో స్టే. ఈలోగా పంటలు ఎవరింటికి చేరతాయో వేరే చెప్పాలా? 2005 నాటికి ఉమ్మడి రాష్ట్రంలో ఇలాంటి ఉల్లంఘన కేసులు 72 వేలు బయటపడ్డాయి, వాటి కింద మూడు లక్షల ఎకరాలకు పైగా భూమి ఉంది. తేల్చిన కేసుల్లో దాదాపు సగం గిరిజనులకు వ్యతిరేకంగానే ముగిశాయి. చట్టమేమో అనుమానం వస్తే గిరిజనుడి పక్షమే వహించమంటోంది. ఫలితం చూస్తే సగానికి సగం. తీర్పులు రాసిన కుర్చీల్లో మీలాంటి చదువుకున్నవాళ్లే కూర్చున్నారు.

ఇక్కడ ఒక మాట అనకపోతే అన్యాయం. ఏజెన్సీలో తరాలుగా ఉంటున్న గిరిజనేతరుల్లో రెక్కాడితేగాని డొక్కాడనివాళ్లు, అరెకరం మీద బతికేవాళ్లు ఉన్నారు. అమ్ముకుందామంటే కుదరదు, తాకట్టు పెట్టి బ్యాంకు అప్పు తెచ్చుకుందామన్నా దొరకదు. వాళ్ల బాధ నిజమైనదే. కానీ వన్ ఆఫ్ సెవెంటీ ఎత్తేయాలని ఊరేగింపులు కట్టినప్పుడు ముందు వరసలో నడిచేది అరెకరంవాడు, వెనక కారులో వచ్చేది యాభై ఎకరాలవాడు. ఆ ఇద్దర్నీ విడదీసి చూడగలగడమే పరిపాలన.

సంతలోనూ ఇదే తంతు. పాడేరు వైపు సంత రోజున తెల్లవారుజామునే కొండ దారి మలుపుల దగ్గర దళారుల మనుషులు కాపు కాస్తారు. చింతపండు గంపతో, పసుపు మూటతో దిగివస్తున్న ఆడవాళ్లు సంతదాకా రాకుండానే దారిలో బేరం అయిపోతుంది. తూకం వాళ్లది, లెక్క వాళ్లది, పాత బాకీ మినహాయింపూ వాళ్లదే. ఆమె చేతిలో మిగిలినదాంతో ఉప్పు, ఎండుచేపలు, ఓ సబ్బు కొనుక్కుని కొండెక్కుతుంది. ఈ దారి దోపిడీ ఆపడానికే 1956లో విశాఖలో గిరిజన సహకార సంస్థ పుట్టింది, మనం జీసీసీ అంటామే, అది. దాని మీద ఫిర్యాదులు నాకూ ఉన్నాయి. డబ్బు ఆలస్యమవుతుంది, సరుకు బాగాలేదని తిప్పి పంపుతుంది, గుమస్తా దొరకడు. అయినా ఒక నిజం ఒప్పుకోవాలి. కాఫీ కొనుగోలులోకి జీసీసీ దిగాక ప్రైవేటు వ్యాపారులూ ధర పెంచక తప్పలేదు. సంస్థకు ఒక్క గింజ అమ్మని రైతు కూడా బాగుపడ్డాడు. 2019లో అరకు అరబికాకు భౌగోళిక గుర్తింపు వచ్చిందని అందరం చప్పట్లు కొట్టాం. నా దృష్టిలో అంతకన్నా పెద్ద విషయం ఆ ధర పెరగడమే.

ఇచ్చే చేతి సంగతి ఎక్కువ చెప్పను. 1974లో అయిదో ప్రణాళికతో గిరిజన ఉపప్రణాళిక, ఆ వెంటే ఐటీడీఏలనే గిరిజనాభివృద్ధి సంస్థలు వచ్చాయి. 2013లో ఉపప్రణాళిక నిధులకు చట్టబద్ధత కూడా వచ్చింది. ఆశ్రమ పాఠశాలలు, గురుకులాలు, రోడ్లు చాలా మేలే చేశాయి. ఇక్కడ కూర్చున్న మీలో కొందరు దానికి సాక్ష్యం. మరోవైపు నీళ్లు లేని మెట్ట మీద దింపిన మోటార్లు, కొండ చలికి నెల తిరక్కుండానే చచ్చిన సంకర జాతి ఆవులు కూడా నేను చూశాను. ఆ ఆవుల బీమా క్లెయిము ఫారాలు నింపడంలో మా ఆఫీసు చూపించిన నైపుణ్యం ఇంకెందులోనూ చూపించలేదు.

చదువు దగ్గర మాత్రం కాసేపు ఆగాలి. ఆగస్టు 29న గిడుగు రామమూర్తి పంతులు గారి పుట్టినరోజును తెలుగు భాషా దినంగా జరుపుకుంటాం. ఆయన పర్లాకిమిడిలో ఉంటూ సవర గిరిజనుల భాష నేర్చుకుని, దానికి వ్యాకరణమూ నిఘంటువులూ రాసి, సవర పిల్లలకు బడులు పెట్టించారన్న సంగతి ఆ రోజు వేదికల మీద చాలామందికి గుర్తుండదు. పిల్లవాడికి అర్థమయ్యే భాషలో చెబితే వాడు మందబుద్ధి కాదని ఆయన వందేళ్ల కిందటే తేల్చేశారు. 2004 ప్రాంతంలో గాని మన ప్రభుత్వం గోండి, కోయ, కొలామి, కువి, సవర మొదలైన ఎనిమిది భాషల్లో వాచకాలు వేయలేదు. అవీ అన్ని ఊళ్లకూ చేరలేదు, చేరినచోట కూడా వాటిని చదివి వినిపించే టీచరు అన్నిచోట్లా లేడు. 2000 సంవత్సరంలో మూడో నంబరు జీవో షెడ్యూల్డు ప్రాంతాల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇవ్వమంది. బదిలీ కోసం ఎదురుచూస్తూ వారానికి మూడు రోజులు కనిపించే పంతుళ్ల బదులు ఆ ఊరివాళ్లే బళ్లోకి వచ్చారు. 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు నూటికి నూరు శాతం రిజర్వేషన్ రాజ్యాంగ విరుద్ధమని ఆ జీవోను కొట్టేసింది. తీర్పును శిరసావహిద్దాం. కానీ ఆ జీవో పుట్టడానికి కారణమైన పంతుళ్ల గైర్హాజరు తీర్పుతో పోలేదు కదా. దానికి రాజ్యాంగం ఒప్పుకునే మరో దారి వెతకడం ఇవాళ న్యాయశాస్త్రంలో పట్టా తీసుకుంటున్నవాళ్ల పని.

తీసుకుపోయేవాడు మోతుబరీ దళారీ మాత్రమే అయితే కథ తేలికే. కొన్నిసార్లు సర్కారే తీసుకుపోతుంది. బొర్రా గుహల చుట్టుపక్కల అనంతగిరి మండలంలో ప్రభుత్వం ప్రైవేటు గనులకు లీజులిచ్చింది. సమత అనే స్వచ్ఛంద సంస్థ కోర్టుకెక్కింది. 1997లో సుప్రీంకోర్టు ప్రభుత్వం కూడా వన్ ఆఫ్ సెవెంటీ దృష్టిలో గిరిజనేతరుడే, లీజులు చెల్లవని చెప్పింది. దేశంలో గనుల లావాదేవీలన్నిటినీ ఉలిక్కిపడేలా చేసిన తీర్పు అది. ఇక పోలవరం ప్రాజెక్టు సంగతి. దాని ముంపు కోసం 2014లో ఖమ్మం జిల్లా నుంచి ఏడు మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. ముంపులో ఊళ్లు వదులుకుంటున్నవాళ్లలో కోయలు, కొండరెడ్లే ఎక్కువ. ఆ నీళ్లు పారేది డెల్టాకు, విశాఖకు. ప్రాజెక్టు వద్దని నేననను. వదులుకున్నవాడికి పునరావాస కాలనీలో ఏం దక్కిందో పారకం పొందేవాడు ఒకసారి వెళ్లి చూడాలంటాను.

తెగల మధ్య కూడా ఎత్తుపల్లాలున్నాయి. చెంచులు, కొలాములు, తోటీలు, కొండరెడ్లు అడుగున ఉన్నారు. 2023లో కేంద్రం జన్‌మన్ పేరుతో దేశంలోని 75 ఇలాంటి తెగలకు విడిగా పథకం పెట్టాల్సి వచ్చిందంటే, ఎస్టీల కోసం ఇచ్చినదేదీ వాళ్లదాకా సరిగ్గా చేరలేదనేగా అర్థం. 1976 సవరణ చట్టంతో తెలంగాణ లంబాడాలు ఎస్టీ జాబితాలో చేరాక, ఉద్యోగాల వాటా మీద ఆదిలాబాదులో గోండులకూ వాళ్లకూ మధ్య రగిలిన గొడవ 2017లో కొట్లాటల దాకా వెళ్లింది. ఇరువైపులా ఆకలి ఉంది. 2022లో తెలంగాణ ఎస్టీ కోటాను ఆరు నుంచి పది శాతానికి పెంచినా, రొట్టె ఎంత పెద్దదైందన్న లెక్కే గాని ముందు ఎవరి పళ్లెంలో పడుతోందన్న లెక్క తీయలేదు.

మీలో కొందరు గ్రూప్స్ రాస్తారు, తహసీల్దారులవుతారు. పదవిలో చేరిన మొదటి నెలలోనే మీ మండలంలో మూసేసిన భూ బదలాయింపు కేసుల జాబితా తెప్పించుకోండి. అందులో పట్టాదారు, పాలేరు ఒక్కరే అయిన సర్వే నంబర్లు గుర్తు పెట్టుకుని ఆ పొలాలకు పంట కోతల రోజున వెళ్లండి, బస్తాలు ఎవరి ట్రాక్టరెక్కుతున్నాయో కనిపిస్తుంది. 2006 అటవీ హక్కుల చట్టం కింద తిరస్కరించిన దరఖాస్తులు మీ ముందుకొస్తే గ్రామసభ తీర్మానంలో సంతకాలు నిజంగా ఊరివాళ్లవేనా అని ఒక్కసారి అడగండి. వకీళ్లయ్యేవాళ్లకు చెబుతున్నా, ఏజెంటు కోర్టులో గిరిజనుడి తరఫున వాదించే లాయరు దొరకడం ఇప్పటికీ గగనమే. ఫీజు పెద్దగా రాదు, పేరూ రాదు, వాయిదాలు మాత్రం బోలెడు. డాక్టర్లూ, ఇంజనీర్లూ మీ నియామకం ఏజెన్సీలో పడితే దాన్ని శిక్ష అనుకుని మొదటి రోజే బదిలీకి అర్జీ పెట్టకండి, మూడేళ్లు ఉండండి. ఆ మూడేళ్లలో ఎవరో ఒక పెద్దమనిషి మీకు ఫోన్ చేసి "అది చూసీ చూడనట్టు వదిలేయండి" అంటాడు. ఆ ఫోన్ తప్పకుండా వస్తుంది. దానికి ఏం జవాబు చెప్పాలో ఇవాళ ఇంటికెళ్లే దారిలోనే ఆలోచించుకోండి, అప్పటికప్పుడు తోచదు.