మళ్ళీ నొప్పిపెట్టిన పన్ను



"నరం తీయించేశాం గదా, ఇంకా నొప్పేమిటి?" అని చాలామంది ఆశ్చర్యపోతూంటారు. డబ్బు పోసి, నాలుగుసార్లు డాక్టరు దగ్గరికి తిరిగి రూట్ కెనాల్ చేయించుకున్న పన్ను కొన్నేళ్ళకి మళ్ళీ సలపడం మొదలెడితే, "ఇక లాభంలేదు, పీకించెయ్" అనే సలహా ఇంట్లోనే దొరుకుతుంది. తొందరపడకండి. అలాంటి పన్నును చాలాసార్లు తిరిగి బాగుచేయవచ్చు. ఆ పని సులువా, కష్టమా అన్నది మొదటిసారి లోపల ఏం నింపారన్నదాన్నిబట్టి కూడా ఉంటుంది.

పన్ను వేళ్ళలో సన్నటి కాలవలుంటాయి. దవడ పన్నుకైతే సాధారణంగా మూడో నాలుగో. వాటిలో చెడిపోయిన నరాన్ని తీసి, మందునీళ్ళతో కడిగి, గట్టాపర్చా పుల్లలతో నింపుతారు. ఇది మలయా ప్రాంతపు చెట్ల పాలనుంచి వచ్చే రబ్బరులాంటి పదార్థం. పుల్ల ఒక్కటే పెడితే సందులు మిగిలిపోతాయి. గచ్చుమీద పలకలు పరిచాక సందుల్లో సిమెంటు పూస్తాం చూడండి, అలా పుల్లకీ పంటిగోడకీ మధ్య పూసే ముద్దే సీలర్.

ముఖ్యంగా మూడు రకాల సీలర్లు వాడుకలో ఉన్నాయి. మొదటిది జింక్ ఆక్సైడ్ పొడిని యూజినాల్‌తో కలిపేది. యూజినాల్ అంటే మన లవంగనూనెలో ఉండే పదార్థమే. ఇది చవక, పాతకాలంనుంచీ ఉన్నది. కాలక్రమాన కొంత కరుగుతుంది. అయితే మళ్ళీ తీయవలసివస్తే తేలిగ్గానే వస్తుంది.

రెండోది ఎపాక్సీ రెజిన్ రకం. ఏ.హెచ్. ప్లస్ ఈ జాతిదే. పంటిగోడను బాగా పట్టుకుంటుంది, కరగడం బహు తక్కువ. కొత్త సీలరేది వచ్చినా దీనితోనే పోల్చిచూస్తారు. తీయడానికి కాస్త శ్రమ పడాలిగాని, కొన్ని ద్రావకాలకు మెత్తబడుతుంది.

మూడోది బయోసెరామిక్. 1993లో అమెరికాలో టొరాబినెజాద్ బృందం వెలువరించిన ఎం.టి.ఏ. అనే పంటి సిమెంటుకు ఇది చుట్టం. పంటిలోని తేమతోనే గట్టిపడుతుంది. దీని క్షారగుణం క్రిములకు గిట్టదు, చుట్టూ ఉన్న ఎముకకు హాని చేయదు. చిక్కల్లా ఒకటే, గట్టిపడ్డాక దాన్ని నమ్మకంగా కరిగించే ద్రావకం లేదు. గట్టాపర్చా వేరు కొసదాకా ఉంటే దాని వెంబడే దారి చేసుకోవచ్చు. కొసలో సీలర్ ఒక్కటే నిండి ఉంటే ఆ దారి తెరవడం కష్టం.

వీటిలో ఏదైనా సరే, పూర్తిగా ఊడిరాదు. గోడలకు ఎంతోకొంత అంటుకునే ఉంటుంది. అయినా చికిత్స నెగ్గవచ్చు.

"మరి ఏది మంచిది?" అంటారా? రోగుల్లో ఫలితాలు పోల్చినప్పుడు మంచి సీలర్ల మధ్య పెద్ద తేడా కనబడలేదు. అసలు పని శుభ్రం చేయడంలోనూ, పైన మూత గట్టిగా వేయడంలోనూ ఉంది. పన్ను తిరగబెట్టడానికి సాధారణ కారణాలు కూడా ఇవే: ఒక కాలవ కనబడక వదిలేయడం, కొసదాకా నింపకపోవడం, పైనుంచి ఉమ్మి దిగడం.

ఈ చివరిదానిలో మన వంతు ఉంది. నొప్పి తగ్గిందిగదా అని, పిల్లల ఫీజులయ్యాక చూద్దామని, తొడుగు వేయించుకోవడం నెలలకొద్దీ వాయిదా వేస్తాం. ఇంట్లో అందరి అవసరాలూ తీరాక మన పన్ను సంగతి. ఈలోగా తాత్కాలికపు పూత అరిగిపోయి, క్రిములు లోపలికి దిగుతాయి. మొదట మిగిలిందనుకున్న డబ్బు తరువాత రెట్టింపై పోతుంది.

కాబట్టి చికిత్స చేయించుకునేటప్పుడు, "ఏ సీలర్ పెట్టారండీ? ఎన్ని కాలవలు నింపారు?" అని అడిగి చీటీమీద రాయించుకోండి. ఎక్స్‌రేతోబాటు దాచుకోండి. ఇంకో ఊళ్ళో ఇంకో డాక్టరుకు అదే దారి చూపిస్తుంది. చిగురుమీద చీముపొక్కు వచ్చినా, కొరికితే నొప్పెట్టినా ఆలస్యం చేయకండి. పైన లవంగనూనె రాస్తే వేరుకొసన ఉన్న చీముకు అందదు. ముఖం వాచి జ్వరమొచ్చినా, మింగడం కష్టమైనా వెంటనే ఆస్పత్రికి వెళ్ళాలి.

పీకించాలా, మళ్ళీ నింపించాలా అన్నది ఎక్స్‌రే చూశాక తేల్చుకునే మాట. పీకిన పన్ను తిరిగి రాదు గదా!