చేపల చెఱువులు - అంటుతెగుళ్లు



హనుమాన్ జంక్షన్ కూడలిలో నిలుచుండి చూచినచో ఒక దారి బెజవాడకు, ఒకటి ఏలూరునకు, ఒకటి నూజివీటికి, మఱియొకటి గుడివాడకు పోవుచుండును. నూజివీటి దారి మామిడితోటల మెరకకు ఎక్కును. గుడివాడ దారి పల్లమునకు దిగును. ఆ పల్లమున, కొల్లేటివైపున, ఒకప్పుడు వరి పండిన పొలములు పెక్కులు నేడు చేపల చెఱువులైనవి. అచ్చట పెరిగిన బొచ్చెయు శీలావతియు మంచుగడ్డల నడుమ లారీలెక్కి కలకత్తా వఱకును, అస్సాము వఱకును పోవుచున్నవి. ఇంతటి సిరి యొక్క వారములో పొట్ట పైకి పెట్టి తేలిపోవుటను గట్లవెంట తిరుగు నేను పలుమాఱు చూచితిని. అట్టి దినమున రైతు మొదట అడుగు ప్రశ్న ఒక్కటియే: “ఏ మందు వేయవలెను?” ఆ ప్రశ్నకు ముందు అడుగవలసినవి కొన్ని కలవు. వానిని గుఱించియే నేటి నా ప్రసంగము.

మంచినీటి చేపలకు తెగుళ్లు కలిగించు సూక్ష్మజీవులలో ముఖ్యమైనది ఏరోమోనాస్ అనునది. అది పొరుగూరినుండి వచ్చిన శత్రువు కాదు. చెఱువునీటిలోను, అడుగు బురదలోను, ఆరోగ్యముగానున్న చేప ప్రేగులలోను అది ఎప్పుడును ఉండును. చెదపురుగు నేలలో నెల్లకాలము నుండును గాని దూలమునకు తడి తగిలిననాడే గోడ నెక్కును గదా! ఇదియు నట్టిదే. కావున చూడవలసినది చేపకు తగిలిన తడి యెట్టిదని.

మన చెఱువులలో నా తడి తఱచుగా తెల్లవాఱుజామున తగులును. నీటిని పచ్చగా జేయు నాచు పగటియెండలో ప్రాణవాయువు నిచ్చును. రాత్రి అదియే దానిని పీల్చుకొనును. చేపయు, అడుగున క్రుళ్లు మేతయు, కోళ్ల యెఱువును అదే వాయువును వాడుకొనును. లీటరు నీటిలో 5 మిల్లీగ్రాములుండవలసిన ప్రాణవాయువు మబ్బు పట్టిన దినముల మఱునాటి వేకువకు 2కు దిగిపోవచ్చును. అప్పుడు చేపలు పైకివచ్చి నోళ్లు తెఱచి గ్రుక్కలు మ్రింగును. సూర్యోదయమైన పిమ్మట గట్టునకు వచ్చు యజమానికి ఈ దృశ్యము కనబడదు; కావలివాడొక్కడే చూచును. అతడు చెప్పినమాటను తేలికగా త్రోసివేయరాదు. అట్టి రాత్రులు నాలుగైదు గడచినచో చేప చావకపోయినను దాని బలము సన్నగిలును. పుండ్లు ఆ వెనుకనే బయలుదేఱును.

ఈ సంగతిని చిన్న కొలతలో చూడదలచినవారు పట్టణపు టిండ్లలో పిల్లలు ముచ్చటపడి పెంచు గాజుతొట్టెను చూడవచ్చును. పిల్లవాడు ప్రేమకొలది మేత వేయును. మిగిలినది క్రుళ్లి అమోనియా యగును. బంగరుచేప తోక అంచు తెల్లబడి చీలికలగును. వెంటనే తల్లిదండ్రులు మందు తెచ్చి పోయుదురు. ఆ మందు తెగులు క్రిమితోపాటు, అమోనియాను విఱిచి హానిలేనిదిగా జేయు మేలి సూక్ష్మజీవులను గూడ చంపవచ్చును. నీరు మఱింత చెడును. మేత తగ్గించి, వారమున కొకమాఱు నాలుగవవంతు నీటిని, క్లోరిను పోవునట్లు ముందుదినమే నిలువయుంచిన నీటితో మార్చినచో పెక్కుసారులు ఆ తోక తానే చిగుర్చును.

చెఱువునకు వత్తము. మన ప్రాంతమున మేతను చేతితో చల్లరు. తవుడును, చెక్కపొడిని చిల్లులు పొడిచిన సంచులలో నింపి, వెదురుగడలకు కట్టి నీటిలో వ్రేలాడదీయుదురు. ఇది మేలైన యాచారము. ఆ సంచియే మన వైద్యునివంటిది. ప్రతిదినము ఖాళీయగు సంచి ఒకనాడు సగము బరువుతో పైకి వచ్చినచో, చేప ఒంటిమీద మచ్చ కనబడుటకు ముందే కబురు వచ్చినదన్నమాట. ఆనాడు మేత తగ్గించి, నీరు చూచి, వల వేసి నాలుగు చేపలను పరీక్షింపవలెను. రెక్కల మొదళ్ల యందును, పొట్టక్రిందను ఎఱ్ఱని మచ్చలు, నిక్కిన పొలుసులు, నీరు పట్టిన పొట్ట, ఉబ్బిన కన్నులు ఏరోమోనాస్ గుఱుతులు. వీపుమీద జీనువలె బూడిదరంగు పొరయు, మొప్పలు క్రుళ్లుటయు వేఱొక క్రిమి పని. అది వేసవి వేడిలో విజృంభించును. చేప పేను కఱచిన గాట్లును, మోటువల గీచిన గాయములును ఈ క్రిములకు తెఱచిన తలుపులు. పేను నుండగా పుండునకు మందు పెట్టుట చిల్లికుండలో నీరు పోయుటయే.

పొక్కులన్నియు బాక్టీరియావలన వచ్చునవి కావు. 1988లో మనదేశపు ఈశాన్య ప్రాంతమున బయలుదేఱి, కొఱ్ఱమీను మొదలగువానిని పుండ్లతో చంపిన మహమ్మారికి మూలము ఒక బూజు. బాక్టీరియా ఆ పుండ్లలో తరువాత చేరినది. చూచినంతనే పేరు పెట్టరాదనుటకే దీనిని చెప్పితిని.

పట్టుబడి యైన పిమ్మట చెఱువును పగుళ్లు బాఱువఱకు ఎండబెట్టుట, నేల పరీక్షించి తగినంత సున్నము చల్లుట, లెక్కకు మించి పిల్లను వదలకుండుట, ఒక చెఱువులో వేసిన వలను ఎండబెట్టక మఱొకదానిలో వేయకుండుట - ఇవి మీ రెఱిగినవే. పిల్లను వదలుటకు ముందు 100 లీటర్ల నీటికి 2 కిలోల ఉప్పు కలిపి ఒకటి రెండు నిమిషములు ముంచుట మంచిది. చేప ఒరిగినచో వెంటనే తీయవలెను. పొటాసియము పర్మాంగనేటు విషయములో నొక హెచ్చరిక. ఎకరము చెఱువులో మీటరు లోతు నీరు సుమారు 40 లక్షల లీటర్లు; లీటరునకు 2 మిల్లీగ్రాములన్నచో 8 కిలోలగును. లోతు కొలువక గుప్పెళ్లతో చల్లువారు తక్కువ వేసి ధనమును, ఎక్కువ వేసి చేపను పోగొట్టుకొందురు.

ఇక యాంటీబయాటిక్కులు. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని లెడర్లీ సంస్థలో పరిశోధనలకు నాయకులుగా నుండగా, అచ్చట బెంజమిన్ డగ్గర్ నేలమట్టిలోని జీవినుండి ఆరియోమైసిన్ అను మందును కనుగొనెను. అది 1948లో లోకమునకు వెల్లడియైనది. నేడు చేపమేతలో కలుపు ఆక్సిటెట్రాసైక్లిన్ ఆ కుటుంబములోనిదే. అట్టి మందు, చీటిలేని పొట్లములలో, ఆ భీమవరము చుట్టునున్న డెల్టాలోనే చెఱువుపాలగుట చూచిన కష్టము తోచును. సంచిలో మందు కలిపినచో తినునది మేతకు రాగల బలమైన చేప. తెగులు తగిలినది మూలన నిలుచును. కావున ఆలస్యముగా పెట్టిన మందు వ్యర్థము. రెండు దినములు పెట్టి చావులు తగ్గినవని మానినచో, చావక మిగిలిన క్రిమి ఆ మందునకు అలవాటుపడును. పెనిసిలిన్ కనుగొన్న ఫ్లెమింగు 1945లోనే ఈ మాట హెచ్చరించెను. ఆ యలవాటు చెఱువులోనే ఆగదు. మన మనుమనికి పుండు మానని దినమున వైద్యుడు వ్రాయవలసినవియు ఇట్టి మందులే. క్లోరంఫెనికాల్, నైట్రోఫ్యూరానులు తిను చేపకు పెట్టుట నిషిద్ధము. కొలిస్టిన్‌ను ఆహారజంతువులకు వాడరాదని 2019లో మన ప్రభుత్వము నిషేధించినది. తగిన మందైనను పరీక్ష చేయించి, అధికారి చెప్పిన మోతాదున, చెప్పినన్ని దినములు పెట్టి, పట్టుబడికి ముందు చెప్పిన గడువు విడువవలెను.

పెద్దలుగా మీరు మాత్రమే చేయదగిన పని యొకటి కలదు. తెగులు వచ్చిన చెఱువు తూమును రాత్రివేళ ఎత్తి నీటిని మురుగుకాలువలోనికి వదలుటయు, చచ్చిన చేపను గట్టుమీద కాకులకు వేయుటయు వాడుకైనవి. ఆ కాలువనీరే దిగువరైతు తోడుకొనును. తెగులు వచ్చినవాడు దాచక చెప్పునట్లును, చచ్చినవానిని సున్నము వేసి లోతుగా పూడ్చునట్లును, నీరు వదలుటకు ముందు దిగువవారికి కబురు పంపునట్లును రచ్చబండమీద కట్టుబాటు చేయుడు. చెప్పినవానిని వేలెత్తి చూపినచో రెండవవాడు చెప్పడు; ఈ సంగతి మీకు నాకంటె బాగుగ తెలియును.

తెగులు కనబడిన దినముననే మత్స్యశాఖవారి కడకు చేపను పంపుడు. చచ్చినదానిని పంపిన ప్రయోజనము తక్కువ; ఎండలో గంటలలోనే అన్యక్రిములు దానిలో చేరును. జబ్బుగానున్న రెండుమూడింటిని బ్రతికియుండగనే ఆ చెఱువునీటితో, ప్రాణవాయువు నింపిన సంచిలో పంపవలెను. వేఱొక సీసాలో చెఱువునీరు పట్టి, పట్టిన వేళ దానిపై వ్రాయవలెను. అంతకుముందు వేసిన మందుల పేర్లన్నియు, దుకాణమువాడిచ్చిన పొట్లముతో సహా, చూపవలెను.