ముందు తిట్టకండి

(భిలాయి సెక్టర్ 4లో జరిగిన మన సిబ్బంది కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగం)



మేనేజ్‌మెంట్ చదివే రోజుల్లో మనస్తత్వశాస్త్రం నాకు ఒక పరీక్ష పేపరు మాత్రమే. అది ఇంట్లో పనికొస్తుందని మా నాన్న వల్ల తెలిసింది.

నాన్న శ్రీకాకుళం నుంచి వచ్చి, ఇక్కడి రైల్ మిల్లులో పనిచేసి రిటైరయ్యారు. నేను ఈ సెక్టర్ 4 క్వార్టర్లలోనే పెరిగాను. ఒకసారి ఆయన కేవైసీ పేరుతో వచ్చిన లింకు నొక్కి 8 వేలు పోగొట్టుకున్నారు. "బ్యాంకు ఆఫీసరు తండ్రివై ఉండి ఇదేం పని నాన్నా?" అని అందరి ముందూ అరిచాను. ఆయనేమీ మాట్లాడలేదు.

నాలుగు నెలల తర్వాత పోలీసులమంటూ వీడియో కాల్ వచ్చింది. మీ ఆధార్‌తో నేరం జరిగింది, డిజిటల్ అరెస్ట్ చేశాం, ఎవరికీ చెప్పొద్దన్నారు. అమ్మతో ఒంట్లో బాగాలేదని చెప్పి, తలుపేసుకుని, 3 లక్షలు పంపేశారు. ఆ తర్వాత కూడా మూడు రోజులు చెప్పలేదు. ఎందుకని అడిగితే, "నువ్వు మళ్లీ అరుస్తావని" అన్నారు.

భయపెట్టింది మోసగాడు. నోరు మూయించింది నేను.

1963లో అమెరికా మనస్తత్వవేత్త స్టాన్లీ మిల్‌గ్రామ్ ఒక ప్రయోగం ప్రచురించారు. ల్యాబ్ కోటు వేసుకున్న ఒకాయన చెప్పాడని, పక్క గదిలోని మనిషికి కరెంటు షాక్ ఇస్తున్నామని నమ్మి కూడా, 40 మందిలో 26 మంది చివరి స్విచ్ దాకా వెళ్లారు. షాకులు నిజం కావు, వాళ్ల భయం నిజం. మరోసారి, పక్కన కూర్చున్న ఇద్దరు "మేం చేయం" అనగానే, చివరిదాకా వెళ్లినవారు 40లో నలుగురే!

అందుకే మోసగాడి మొదటి షరతు "ఎవరికీ చెప్పొద్దు". పక్కన మనవాళ్లు ఒక్కరున్నా అతని ఆట సాగడం కష్టం. డిజిటల్ అరెస్ట్ అనేది మన చట్టంలోనే లేదు. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలి. ఎంత త్వరగా చెబితే ఆ డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ. మాకు ఆ మూడు రోజులే పోయాయి.

ఇప్పుడు మా ఇంట్లో ఒకటే నియమం. ఎవరు ఏ తప్పు చెప్పినా మొదటి మాట "చెప్పి మంచిపని చేశావు". లెక్కలు తర్వాత. కౌంటర్ దగ్గర కస్టమర్‌తోనూ అంతే.

మొన్న నాన్న మోగుతున్న ఫోన్ పట్టుకుని బ్రాంచికే వచ్చారు. "ఇదెవరో చూడు బాబూ, భయంగా ఉంది" అన్నారు. కుర్చీ వేసి, మంచినీళ్లిచ్చి, ఆ కాల్ కట్ చేశాను. ఈసారి రూపాయి పోలేదు.

ఈ రాత్రి మీ ఇంట్లో పెద్దవాళ్లకీ, పిల్లలకీ ఒక్క మాట చెప్పండి: "ఏం జరిగినా నాకు చెప్పు, నేను అరవను."

సెలవు.