ఓటర్ల జాబితాలో మన పేరు



ఎన్నికలు వస్తున్నాయంటే వీధంతా సందడే. మైకులు, జెండాలు, కరపత్రాలు. "అమ్మా, మీ ఓటు మాకే" అంటూ చేతులు జోడించేవారికి లెక్క ఉండదు. మనమూ గుమ్మంలో నిలబడి తల ఊపి, పొయ్యి మీద కూర మాడిపోతుందని లోపలికి పరుగెత్తుతాం. ఆ సందడిలో మనం మరిచిపోయే చిన్న పని ఒకటున్నది. అది మరిచినందుకు మా అత్తగారు ఒక పెద్ద ఎన్నికలో ఓటు పోగొట్టుకున్నారు. ఆ సంగతే ఈవేళ మీకు చెబుతాను.

అది 1983 జనవరి 5న జరిగిన శాసనసభ ఎన్నిక. అంతకు ముందు అయిదేళ్ళలో మన రాష్ట్రం నలుగురు ముఖ్యమంత్రులను చూసింది. 1982 మార్చి 29న ఎన్.టి. రామారావుగారు తెలుగుదేశం పార్టీ పెట్టి, చైతన్యరథం ఎక్కి ఊరూరా తిరిగారు. మన జిల్లా నిమ్మకూరు మనిషి, పైగా సినిమాల్లో రాముడూ, కృష్ణుడూను! ఆడపడుచులారా అని ఆయన పిలిస్తే దారి పొడుగునా ఆడవాళ్ళు హారతులు పట్టారు. కిలో బియ్యం 2 రూపాయలన్న మాట తిన్నగా వంటింట్లోకే వచ్చింది.

అప్పట్లో కంకిపాడు విడిగా ఒక నియోజకవర్గం. 2009 ఎన్నికల నుంచే మనం పెనమలూరులో కలిశాం. ధనుర్మాసం రోజులు కదా, ఒక వాకిట్లో గొబ్బెమ్మల పక్కన సైకిలు ముగ్గు, ఎదురు వాకిట్లో హస్తం ముగ్గు వేశారట. అత్తగారికి అప్పుడు 24 ఏళ్ళు. ఓటు వయసు ఆనాడు 21. అదే ఆవిడ మొదటి ఓటు. తెల్లవారకుండానే తలంటు పోసుకుని, పట్టుచీర కట్టుకుని వెళ్ళి వరుసలో నిలబడ్డారు.

తీరా లోపల పేరు చెబితే, "ఆ పేరు లేదమ్మా, ఈ ఇంటి నంబరులో బుల్లెమ్మ అని ఉంది" అన్నాడు ఒక ఏజెంటు. జాబితా రాసేందుకు వచ్చినవారికి ఇంట్లో పెద్దాయన పిలుపు పేరే చెప్పేశారు మరి! "పోనీ, మీ ఆయన పేరు చెప్పు" అన్నారు. మొగుడి పేరు నోటితో పలకని రోజులాయె. ఆవిడ తల వంచుకున్నది. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. అంతే, వెనక్కి వచ్చేశారు. "ఆ రోజంతా అన్నం సయించలేదే అమ్మాయ్" అని ఇప్పటికీ అంటారు. 1985 మార్చిలో మళ్ళీ ఎన్నికలు వచ్చేదాకా ఆ వేలికి సిరాచుక్క పడలేదు.

నిజానికి ఆవిడ వెనుదిరగనక్కరలేదు. మనిషి ఆమేనని నమ్మకం కుదిరితే, జాబితాలోని రాతపొరపాట్లను పోలింగు అధికారి పట్టించుకోరాదని నిబంధన ఉన్నది. ఏజెంటు గట్టిగా అభ్యంతరం చెప్పాలంటే 2 రూపాయలు కట్టి, ముందు తానే రుజువు చూపించాలి. ఈ మాట ఆవిడ చెవిన వేసినవారు లేరు.

ఇది మా ఇంటి కథే కాదండీ. 1951-52లో జరిగిన తొలి సార్వత్రిక ఎన్నికల్లో దేశంలో దాదాపు 28 లక్షలమంది స్త్రీల పేర్లు జాబితాకు ఎక్కలేదు. ఎందుకని? ఫలానావారి భార్యను, ఫలానావాడి తల్లిని అన్నారే గాని సొంత పేరు చెప్పలేదు! ఇటు చూస్తే, 2024 మే 13న మన రాష్ట్రంలో పోలింగు జరిగేనాటికి జాబితాలో మగవారికంటే ఆడవారే ఎక్కువ. ఎంత దూరం నడిచి వచ్చామో చూడండి.

అయినా పొరపాట్లు ఇంకా జరుగుతూనే ఉన్నాయి. పెళ్ళయి వచ్చిన కోడలి పేరు పుట్టింటి ఊళ్ళోనే ఉండిపోతుంది. అద్దె ఇల్లు మారితే పేరు పాత వీధిలో మిగులుతుంది. కనుక ప్రచారం మొదలవకముందే జాబితా తెప్పించి చూసుకోండి. కొత్తగా చేరడానికి ఫారం 6, చిరునామా మార్పుకూ, తప్పులు దిద్దుకోవడానికీ ఫారం 8 ఉన్నాయి. మీ పోలింగు కేంద్రం బూత్ స్థాయి అధికారిని అడిగితే చెబుతారు. నామినేషన్ల ఆఖరి రోజు దాటితే ఆ ఎన్నికకు పేరు చేర్చరు. జాబితా రాసేవారు వస్తే మగవారిని పిలవబోకండి. మీరే గుమ్మంలోకి వచ్చి మీ పూర్తిపేరు చెప్పండి.

ఎవరికి వేయాలో నేను చెప్పను, ఇంకెవరూ చెప్పనక్కరలేదు. అది మీ మనసుకు తెలిసిన రహస్యం. కాని ఆ రహస్యం దాచుకోవాలన్నా ముందు జాబితాలో మన పేరు ఉండాలి కదమ్మా!