వద్దన్న ఊరిలో నిలిచినవారు
(పాఠశాల ప్లాటినమ్ జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పొరుగు భాషల నడుమ 75 సంవత్సరాలు తెలుగు బోధించిన పాఠశాల సభలో ఇంగ్లండులోని ఒక నగరాన్ని గురించిన ప్రసంగమేమిటని కొందరికి అనిపించవచ్చు. ఆ నగరం పేరు లెస్టర్. లండనుకు ఉత్తరంగా సుమారు 100 మైళ్ల దూరాన, సోర్ అనే చిన్న నది ఒడ్డున ఉన్నది. లండనులోని సెయింట్ పాంక్రస్ స్టేషనులో రైలెక్కితే గంటకు కొంచెం మించిన ప్రయాణం. 2021 జనాభా లెక్కల ప్రకారం అక్కడి జనసంఖ్య సుమారు 3,68,600. అందులో ఆసియా మూలాలవారు 43.4 శాతం, శ్వేతజాతీయులు 40.9 శాతం. ఏ ఒక్క వర్గమూ సగానికి మించని ఊరు. వలస వచ్చిన చోట భాషను నిలుపుకొనడమంటే ఏమిటో ఎరిగిన కుటుంబాలు ఈ సభలో ఉన్నవి గనుక ఆ ఊరి కథ ఇక్కడ పరాయిదిగా తోచదు.

చూడవచ్చిన యాత్రికునికి లెస్టర్ మొదట తన ప్రాచీనతను చూపుతుంది. రోమనుల కాలపు స్నానశాలకు చెందిన జ్యూరీ వాల్ అనే ఎత్తయిన గోడ నేటికీ నిలిచి ఉన్నది. 1485లో బోస్‌వర్త్ యుద్ధంలో మరణించిన మూడవ రిచర్డ్ రాజు అస్థికలు 2012లో, ఊరి నడిబొడ్డున కార్లు నిలిపే స్థలం క్రింద బయటపడినవి. రాజుగారి సోదరి వంశంలోని వారి డి.ఎన్.ఏ.తో పోల్చి అవి ఆయనవేనని నిర్ధారించారు. 2015లో వాటిని అక్కడి కెథీడ్రల్‌లో ఖననం చేశారు. డి.ఎన్.ఏ. ద్వారా మనిషిని గుర్తించే పద్ధతిని అలెక్ జెఫ్రీస్ 1984లో కనుగొన్నది కూడా ఆ ఊరి విశ్వవిద్యాలయంలోనే కావడం విశేషం. విక్టోరియా పార్కులోని యుద్ధ స్మారక తోరణం వద్ద భారతీయుడు ఒక్క క్షణం ఆగిపోతాడు. ఢిల్లీలోని ఇండియా గేటుకు రూపకల్పన చేసిన లట్యెన్సే దానికీ శిల్పి. తోరణం 1925 నాటిది. ఇండియా గేటు 1931 నాటిది.

అయితే ఆ ఊరి అసలు చరిత్ర వీటన్నిటి కంటె చాల కొత్తది. 1972 ఆగస్టులో ఉగాండా పాలకుడు ఇదీ అమీన్, ఆసియా మూలాలవారు 90 దినాలలో దేశం విడిచి పోవలెనని ప్రకటించినాడు. తరతరాలుగా అక్కడ అంగళ్లు నడుపుకొన్న గుజరాతీ కుటుంబాలు ఎందరివో రోడ్డున పడినవి. వారిలో పలువురికి బ్రిటిష్ పాస్‌పోర్టులు ఉన్నవి. లెస్టర్‌లో అప్పటికే కొంతమంది బంధువులున్నారు. మేజోళ్లు, అల్లిక దుస్తులు, బూట్లు తయారుచేసే ఫ్యాక్టరీలలో పని దొరికేది. ఆ సెప్టెంబరులో లెస్టర్ నగరపాలక మండలి 'ఉగాండా ఆర్గస్' పత్రికలో ఒక ప్రకటన వేయించినది. ఇళ్లు లేవు, బడులలో చోటు లేదు, కనుక లెస్టర్‌కు రావద్దని దాని సారాంశం. రావద్దని చెప్పడానికి డబ్బు చెల్లించి మరీ వేయించిన ప్రకటన అది! దానిని చూచిన తరువాతనే లెస్టర్ అనే ఊరొకటి ఉన్నదని తెలిసినదని కొందరు తరువాతి కాలంలో చెప్పుకొన్నారు. ఏది ఏమైనా వేల మంది వచ్చారు.

వచ్చినవారికి ఎవరూ ఎర్ర తివాచీ పరచలేదు. 1974లో ఇంపీరియల్ టైప్‌రైటర్స్ ఫ్యాక్టరీలో బోనసు విషయంలో తమకు అన్యాయం జరుగుతున్నదని ఆసియా కార్మికులు సమ్మెకు దిగినారు. కార్మిక సంఘం వారికి అండగా నిలువలేదు. స్త్రీలు సైతం గేటు వద్ద నిలబడినారు. మరుసటి సంవత్సరం ఆ ఫ్యాక్టరీయే మూతపడినది. ఆ తరువాతి దశాబ్దాలలో ఊరికి అన్నం పెట్టిన అల్లిక పరిశ్రమ కూడా క్రమంగా క్షీణించినది. అంతకు ముందే ఈ కుటుంబాలు పాడుబడుతున్న బెల్‌గ్రేవ్ రోడ్డులో ఒక్కొక్క అంగడినే తెరిచి నిలబెట్టుకొన్నవి. చీరెల దుకాణాలు, నగల అంగళ్లు, మిఠాయి కొట్లు బారులుతీరిన ఆ వీధిని నేడు 'గోల్డెన్ మైల్' అంటారు. దీపావళికి అక్కడ దీపతోరణాలు కట్టించే బాధ్యతను, ఒకనాడు వద్దన్న ఆ మండలియే స్వీకరించినది. ఒకప్పటి క్రైస్తవ ప్రార్థనాలయంలో 1988లో జైన మందిరం ప్రతిష్ఠితమైనది. ఈ మార్పు ఎవరి దయ వలననో వచ్చినది కాదు. అద్దె కట్టి, పన్ను కట్టి, ఓటు వేసి సంపాదించుకొన్నది.

అంతా సామరస్యమేనని చెప్పడం సత్యం కాదు. 2022 ఆగస్టు, సెప్టెంబరు మాసాలలో హిందూ, ముస్లిం యువకుల మధ్య అక్కడ ఘర్షణలు చెలరేగినవి. భారత, పాకిస్తాన్ క్రికెట్ పోటీ తరువాత రాజుకొన్న ఉద్రిక్తత అది. ఏభై ఏళ్లుగా ఇరుగుపొరుగున బ్రతికిన వీధులలో పోలీసులు కాపలా ఉండవలసి వచ్చినది. ఊరి పెద్దలకు అది మరపురాని అవమానం.

ఇక చదువుకై వెళ్లే పిల్లల మాట. ఎర్ర ఇటుకల వరుస ఇళ్లు, గోడకు గోడ ఆనుకొని, తలుపు తీస్తే కాలిబాటపైకే. డిసెంబరులో సాయంత్రం 4 గంటలకు ముందే సూర్యుడు అస్తమిస్తాడు. జూనులో రాత్రి 9 దాటినా వెలుగే. మొదటి శీతకాలంలో దిగులు పుట్టడానికి చలి కంటె ఈ చీకటే ఎక్కువ కారణం. ఇల్లు అద్దెకు తీసుకొన్నప్పుడు కట్టే డిపాజిట్టును ప్రభుత్వం ఆమోదించిన రక్షణ పథకంలో 30 దినాలలోగా ఉంచడం యజమాని విధి. ఆ రసీదు అడగడానికి మొగమాటపడరాదు. పూర్తికాలం విద్యార్థులకు సాధారణంగా కౌన్సిల్ పన్ను ఉండదు. బస్సు దిగేటప్పుడు డ్రైవరుకు ధన్యవాదం చెప్పడం అక్కడి మర్యాద. అంగడిలోని పెద్దామె 'మి డక్' అని, అంటే 'నా బాతూ' అని పిలిస్తే కోపం తెచ్చుకోవద్దు. ఇక్కడ ముక్కూమొగం తెలియని పిల్లవాణ్ణి 'నాయనా' అన్నట్లే అది.

తిరిగి భాష దగ్గరకే రావలసి ఉన్నది. ఇంగ్లీషు తరువాత లెస్టర్‌లో ఎక్కువ ఇళ్లలో వినిపించేది గుజరాతీ. వారాంతాలలో అద్దె గదులలో బల్లలు సర్ది పెద్దలే పిల్లలకు అక్షరాలు నేర్పుతూ వచ్చారు. పదహారేళ్ల పిల్లలు రాసే జి.సి.ఎస్.ఇ. పరీక్షలలో గుజరాతీ ఒక పాఠ్యవిషయంగా ఉన్నది. అయినా అవ్వతో గుజరాతీలో మాట్లాడుతూ ఆమె రాసిన ఉత్తరం చదువలేని మనుమలు అక్కడ ఉన్నారు. పరీక్ష ఉన్న భాష గతే అది. తెలుగు ఆ పరీక్షల జాబితాలో లేనే లేదు. ఉద్యోగం దొరికి అక్కడే స్థిరపడే తెలుగు దంపతుల బిడ్డకు ఓనమాలు దిద్దించేది ఇంటివారే, లేదా నాలుగు కుటుంబాలు కలిసి నడుపుకొనే వారాంతపు తరగతియే.

ఈ సభలోని తల్లిదండ్రులలో ఎవరి పిల్లలైనా ఆ వైపు ప్రయాణం కడుతున్నట్లయితే, సూట్‌కేసులో బరువు గురించి ఒక్క మాట. ఉన్ని కోటు అక్కడే కొనుక్కోవచ్చు. బెండకాయలు, కరివేపాకు, కందిపప్పు బెల్‌గ్రేవ్ రోడ్డులో దొరుకుతాయి. పెద్దబాలశిక్షను మాత్రం ఇక్కడి నుండే తీసుకొని వెళ్లవలెను.