పెదవి కుట్టినంతట పని ముగియదు
(విచారణ ఆరోగ్య సంఘము తరఫున తల్లుల సమావేశములో చదివిన ప్రసంగ పాఠము)



గ్రహణపు మొర్రి అను మాట మన తీరమున ఎరుగనివారు లేరు. కోడలు గ్రహణము చూచినదని అత్తగారు అనుట, ఆ పిల్ల తల వంచుకొనుట మేము ఎన్నో ఇండ్లలో చూచితిమి. గర్భములో బిడ్డకు పెదవి 4 నుండి 7 వారములలోను, అంగిలి 6 నుండి 9 వారములలోను కలిసిపోవును. తల్లికి నెల తప్పిన సంగతి రూఢి అగునప్పటికే ఆ పని చాలవరకు జరిగిపోవును. వంశము, పొగాకు, కొన్ని మూర్ఛ మందులు కారణము కావచ్చును. గ్రహణము కాదు. పేరు ఎటూ పోదు, నిందనైనా విడిచిపెట్టుదము.

ఇక మా తప్పు ఒకటి చెప్పుకొనవలెను. కొన్నేండ్ల క్రిందట ఒక పాలెములోని బిడ్డను మేమే ఆసుపత్రికి తీసికొనిపోతిమి. మూడవ నెలలో పెదవి కుట్టిరి. ముఖము చక్కబడినది, మేము సంతోషించితిమి. అంగిలికి మరల రమ్మని వైద్యులు చెప్పియే పంపిరి. కాని తండ్రి వేటకు పోవలెను, ఇంట అప్పులు. మేమును అడుగలేదు. ఆరేండ్లకు బడిలో ఆ పిల్లవాడు “బాబు” అన్నచో “మాము” అని వినబడెను. తోటి పిల్లలు నవ్విరి, వాడు మాటలాడుటయే మానివేసెను.

అంగిలి నోటికిని ముక్కునకును నడుమ పైకప్పు. ముందు ఎముక, వెనుక మెత్తని కండ, చివర కొండనాలుక. మనము ప, బ, క, గ పలుకునప్పుడు ఆ కండ పైకి లేచి ముక్కు దారిని మూయును. చీలిక ఉన్న బిడ్డలో ఆ కండలు నడుమ కలియక, ముందునకు పోయి ఎముక అంచును పట్టుకొని యుండును. కనుక రంధ్రము మూసిన మాత్రాన మాట రాదు. 1861లో జర్మనీ వైద్యుడు లాంగెన్‌బెక్ అంగిలి ప్రక్కల గాట్లు పెట్టి, పొరను ఎముక నుండి లేపి నడుమకు జరిపి కుట్టు పద్ధతిని ప్రకటించెను. 1986లో అమెరికా వైద్యుడు ఫర్లో మెత్తని అంగిలిని రెండు వైపులా ఇంగ్లీషు జెడ్ అక్షరము వలె కోసి, కండలను వెనుకకు త్రిప్పి, అంగిలి పొడవు పెంచు విధానమును ప్రచురించెను. చీలిక తీరునుబట్టి ఏ పద్ధతియో వైద్యుడు నిర్ణయించును. ముక్కు వైపు పొర, కండ, నోటి వైపు పొర, ఈ మూడింటిని వేరువేరుగా కుట్టుట నేడు ముఖ్యము. సాధారణముగా 9 నుండి 18 నెలల లోపల, మాటలు అలవడక మునుపే, చేయించవలెను.

అంతవరకు బిడ్డ సరిగా చీకలేదు. పిండిన తల్లిపాలు ఉగ్గుగిన్నెతో, నిటారుగా కూర్చుండబెట్టి కొద్దికొద్దిగా పట్టుడు. చెవిలో చీము గాని, వినికిడి లోపము గాని ఉన్నదేమో చూపించుడు.

ఆపరేషను తరువాతనే తల్లికి అసలు పని. రెండు మూడు వారములు పాలు, వడగట్టిన గంజి, పలుచని రాగిజావ. ప్రతిసారి వెనుక కొంచెము నీళ్లు. చేప వాసనకు బిడ్డ ఎంత ఏడ్చినను ముల్లున్న ముక్క పెట్టరాదు. వేళ్లు, చెంచా, పీపా నోట పోనీయరాదు. ఎఱ్ఱని నెత్తురు కారినను, ఊపిరి కష్టమైనను వెంటనే ఆసుపత్రికి పరుగెత్తవలెను. కొందరికి కుట్టు విడి చిన్న రంధ్రము మిగిలి, పాలు ముక్కున వచ్చును. భయపడకుడు, కొన్ని నెలలు ఆగి మరల మూయుదురు.

డబ్బు లేదని ఆగవలదు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమములో గ్రహణపు మొర్రి, అంగిలి చీలిక చేర్చబడియున్నవి, అంగన్‌వాడీలోనే అడుగుడు. మనకు దగ్గర చెన్నై పోరూరులోని శ్రీ రామచంద్ర ఆసుపత్రి, హైదరాబాదులో జి.ఎస్.ఆర్. సంస్థ కలదు.

ఆ పిల్లవానికి ఆలస్యముగానే అంగిలి కుట్టించితిమి. ఆలస్యమైనందున పాత పలుకుబడి నాలుకను విడువలేదు. ఇప్పుడు వాచక శిక్షకురాలు చెప్పినట్లు ముక్కు క్రింద చిన్న అద్దము పెట్టి “బాబు” అనిపించుచున్నాము; గాలి ముక్కున పోయినచో అద్దముపై ఆవిరి పట్టును. మొన్న అద్దము తేటగా ఉండెను. “కాకి” మాత్రము ఇంకను రాలేదు.